కేస్ స్టడీ: జ్వరంలో చూసిన ఫెరిటిన్‌ని నమ్మి పోగొట్టుకున్న ఐదు నెలలు

ఆమెకు 36 ఏళ్ళు. ఖమ్మం జిల్లాలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పుట్టినప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. నేను చర్మవ్యాధుల డాక్టర్ని. జుట్టు ఊడుతోందని వచ్చేవాళ్ళు నా దగ్గరికి రోజూ ఉంటారు. ఈ కేసులో ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నేను పొరపాటు పడ్డాను, అందుకే వివరంగా రాయాలనిపించింది.

మొదటిసారి వచ్చింది డిసెంబరు నడిమధ్యలో. కూర్చోగానే సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి టేబుల్ మీద పెట్టింది. లోపల బత్తాయి కాయంత వెంట్రుకల ఉండ. మా వైపు ఊళ్ళల్లో దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలు పారేయరు. చుట్టచుట్టి చూరులోనో తలుపు సందులోనో దాచిపెడతారు. వెంట్రుకలు కొనేవాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు వాటిని ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు.

"ఏడాదంతా దాస్తే ఇంత వస్తది మేడమ్. ఈసారి దీపావళి నుంచి ఇప్పటికే ఇంత అయింది" అంది.

రోజుకు ఎన్ని ఊడుతున్నాయని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే అని మేం చెబుతాం కానీ ఎవరు లెక్కపెట్టగలరు? ఆ ఉండ మాత్రం స్పష్టంగా చెప్పింది. ఏడాదికి ఊడాల్సినది నెలన్నరలో ఊడింది.

ఆగస్టు చివర్లో ఆమెకు డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ ఫైలంతా తెచ్చింది. జ్వరం తగ్గిన రెండు రెండున్నర నెలలకు కుచ్చులు కుచ్చులుగా ఊడటం మొదలైందంటే ఆలోచించాల్సిన పనే లేదనిపిస్తుంది. మన తలమీద ప్రతి నూరు వెంట్రుకల్లో 85 నుంచి 90 దాకా పెరిగే దశలో ఉంటాయి, మిగిలినవి విశ్రాంతి దశలో. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి మానేయడం లాంటివి ఒంటికి దెబ్బలాంటివి. ఆ దెబ్బకు పెరిగే వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. ఆ విశ్రాంతి సుమారు మూడు నెలలు. అది అయ్యాక అన్నీ కలిసి రాలతాయి. దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. కుదుళ్ళు చావవు కాబట్టి మామూలుగా ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది.

తల చూశాను. అరవై దాకా వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టుకుని, మొదలు నుంచి చివరిదాకా మెల్లగా లాగితే పది ఊడివచ్చాయి. ఆరు దాటితే ఎక్కువ ఊడుతున్నట్టు లెక్క. ఊడిన ప్రతి వెంట్రుక మొదట్లో గుండుసూది తలలాంటి తెల్లటి బొడిపె ఉంది. విశ్రాంతి దశ వెంట్రుక గుర్తు అదే. ఎక్కడా నున్నగా మచ్చలు లేవు, పొట్టు లేదు, దురద లేదు.

తర్వాత ఫైలు తిరగేశాను. హిమోగ్లోబిన్ 13.4. ఫెరిటిన్ 640. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పే పరీక్ష ఫెరిటిన్. 640 చూశాక ఐరన్ గురించి మళ్ళీ ఆలోచించలేదు. "పీరియడ్స్ బాగానే వస్తున్నాయా?" అని అడిగాను. "బాగానే వస్తున్నయి మేడమ్" అంది. థైరాయిడ్ పరీక్ష రాసి, అది బాగుందని తేలాక, డెంగీ వల్లే అని చెప్పి, టెన్షన్ పడొద్దు, మార్చి ఏప్రిల్ కల్లా తగ్గిపోతుందని పంపించాను.

మే నెలలో మళ్ళీ వచ్చింది. తగ్గలేదు. పాపిడి వెడల్పైంది, జడ సగానికి సన్నబడింది. ఈ మధ్యలో ఉల్లిపాయ నూనె వాడింది, మెడికల్ షాపువాళ్ళు ఇచ్చిన బయోటిన్ బిళ్ళలు నాలుగు నెలలు వేసుకుంది. జుట్టు ఊడినందుకు కాదు, మనసు నొచ్చుకుని ఏడ్చింది. సెంటర్‌కి వచ్చే తల్లులు "టీచరమ్మా, ఏమైంది నీ జుట్టు" అని అడుగుతుంటే కొంగు కప్పుకుని తిరుగుతోందట.

మళ్ళీ పరీక్ష చేస్తుంటే ఆమె కుడి చేతి వేళ్ళ కొసలకు తెల్లటి పొడి కనిపించింది. ఏంటమ్మా అది అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. బతిమాలి అడిగితే చెప్పింది. సెంటర్లో పిల్లలు పలకల మీద రాసుకునే బలపాలు తింటోంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు. "వాన పడ్డప్పుడు మట్టి వాసనొస్తే ఆగలేను మేడమ్. ఇంట్లో అత్తమ్మకు తెల్వదు."

బలపాలు, పచ్చి బియ్యం, గోడ సున్నం, పుట్టమన్ను. ఇవి తినాలనిపించడాన్ని చాలామంది చెడ్డ అలవాటు అనుకుంటారు, పిల్లలనైతే కొడతారు కూడా. ఐరన్ బాగా తగ్గినప్పుడు కలిగే కోరిక అది. ఇది తెలిసిన డాక్టరు కూడా అడిగితేనే బయటపడుతుంది. నేను డిసెంబరులో అడగలేదు.

ఆ రోజే రక్తం తీయించాం. బయోటిన్ మూడు రోజుల ముందే ఆపేసి ఉంది, కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్కువ మోతాదు బయోటిన్ వాడుతూ ఉంటే థైరాయిడ్ లాంటి కొన్ని పరీక్షలు తప్పుగా రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని గురించి హెచ్చరించింది. జుట్టు కోసం వచ్చేవాళ్ళలో బయోటిన్ వాడనివాళ్ళు తక్కువ, కాబట్టి పరీక్షకు ముందు ఈ ప్రశ్న అడగాల్సిందే.

ఫలితాలు: హిమోగ్లోబిన్ 11.4. గర్భంతో లేని ఆడవాళ్ళకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఎర్ర కణాల పరిమాణం, అంటే ఎంసీవీ, 74. ఉండాల్సింది 80 పైన. కణాల సంఖ్య 46 లక్షలు. ఎంసీవీని కణాల సంఖ్యతో, మిలియన్లలో 4.6తో, భాగిస్తే 16 వస్తుంది. 13 దాటింది కాబట్టి థలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే, ఎర్ర కణాలు చిన్నవయ్యే జన్యులోపం) కంటే ఐరన్ లోటుకే అవకాశం ఎక్కువ. సీఆర్‌పీ మామూలుగా ఉంది, అంటే ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు లాంటివి లేవు. థైరాయిడ్, బీ12 బాగున్నాయి.

ఫెరిటిన్ 7.

ఎనిమిది తొమ్మిది నెలల్లో 640 నుంచి 7కి పడిపోయిందా? లేదు. ఆగస్టులో కూడా నిల్వ అడుగంటే ఉండి ఉంటుంది. ఫెరిటిన్ ఐరన్‌ని దాచే ప్రోటీనే, కానీ జ్వరం, ఇన్ఫెక్షన్, కాలేయానికి దెబ్బ తగిలినప్పుడు కూడా ఒళ్ళు దాన్ని విపరీతంగా విడుదల చేస్తుంది. డెంగీలో వందలు, వేలల్లోకి పోవడం మాకు అలవాటే. అప్పుడది నిల్వ లెక్క కాదు, జబ్బు తీవ్రత లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో 15 కంటే తక్కువుంటే ఐరన్ లోటు అంటుంది. ఇన్ఫెక్షనో వాపో ఉంటే మాత్రం ఆ గీతను 70కి జరుపుతుంది. అంటే జ్వరంలో 60 వచ్చినా లోటు ఉండవచ్చు. ఇక 640 వస్తే దాన్ని పట్టుకుని ఏదీ తేల్చకూడదు, పక్కన పెట్టి కోలుకున్నాక మళ్ళీ చూడాలి. హిమోగ్లోబిన్ 13.4 కూడా అలాంటిదే. డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. రెండు అంకెలూ ఒకే ఫైల్లో ఉండి, రెండూ నన్ను ఒకే వైపు తప్పుదారి పట్టించాయి. పై పేజీలో "డెంగీ పాజిటివ్" అని రాసుండగా నేను ఆ మెలిక గుర్తుపట్టాల్సింది.

సరే, ఐరన్ ఎటు పోతోంది? ఈసారి "బాగానే వస్తున్నాయా" అని అడగలేదు. మా వైపు ఆడవాళ్ళకు బాగా రావడం అంటే నెల తప్పకుండా రావడం. ఆ జవాబులో ఎంత పోతోందో తెలియదు. కాబట్టి ఇలా అడిగాను: ఎన్ని రోజులు? రోజుకు ఎన్ని ప్యాడ్లు? రాత్రి లేవాల్సి వస్తుందా? గడ్డలు పడుతున్నాయా, ఎంత పెద్దవి?

ఏడు రోజులు. మొదటి మూడు రోజులు ఎనిమిదేసి ప్యాడ్లు, కింద పాత చీర గుడ్డ మడిచి పెట్టుకుంటుంది. రాత్రి రెండుసార్లు లేస్తుంది. రూపాయి బిళ్ళంత గడ్డలు. ఆ మూడు రోజులు ముదురు రంగు చీరలే కట్టుకుని సెంటర్‌కి వెళ్తుంది. నాలుగేళ్ళుగా ఇలాగే ఉంది. "ఆపరేషన్ అయినోళ్ళకు ఇట్లనే ఉంటది అంటరు కదా మేడమ్, అందుకని చెప్పలే."

కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.3 మిల్లీగ్రాముల పైచిలుకు ఐరన్ ఉంటుంది. ఆమె హిమోగ్లోబిన్‌తో లెక్కేస్తే 100 మిల్లీలీటర్ల రక్తం పోయిందంటే సుమారు 38 మిల్లీగ్రాముల ఐరన్ పోయినట్టు. మామూలు నెలసరిలో పోయేది 30, 40 మిల్లీలీటర్లు, 80 దాటితే ఎక్కువ కింద లెక్క. ఆమె చెప్పినదాన్ని బట్టి 100 తక్కువ అంచనాయే. దీనికి తోడు చర్మం, పేగుల నుంచి ఎవరికైనా రోజుకు ఒక మిల్లీగ్రాము దాకా పోతుంది, నెలకు 30. అన్నీ కలిపితే 70 దాకా పోతోంది. అన్నం, పప్పు, వారానికి ఒక గుడ్డు, నెలకు రెండు ఆదివారాలు కోడికూర, రోజుకు నాలుగు టీలు. ఈ తిండి నుంచి అంత ఐరన్ ఒంటికి పట్టడం కష్టం. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ గుడ్డు, పాలు, ఐరన్ బిళ్ళ దగ్గరుండి తినిపించేది ఈమే. తన వంతు ఎప్పుడూ ఆలోచించలేదు.

కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే కుండకు చిల్లుంది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఐరన్‌కీ జుట్టుకీ సంబంధం ఏమిటన్నది ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇందులో మా డాక్టర్ల మధ్యే ఒప్పుదల లేదు. వెంట్రుక కుదురులోని కణాలు ఒంట్లోకెల్లా వేగంగా విభజన చెందే కణాల్లో ఒకటి. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కొత్తగా తయారవ్వాలి, ఆ తయారీకి కీలకమైన ఎంజైముకు ఐరన్ కావాలి. నిల్వ తగ్గినప్పుడు ఒళ్ళు ఉన్న కాస్త ఐరన్‌నీ ముందు రక్తానికి ఇస్తుంది. జుట్టు లేకపోయినా బతకగలం కదా. 2008లో ఎలుకల్లో ఒక పరిశోధన వచ్చింది. ఒక జన్యులోపం వల్ల పేగుల నుంచి ఐరన్ ఎక్కక, ఆ ఎలుకలకు రక్తహీనత వచ్చి ఒంటిమీది బొచ్చు ఊడిపోయింది. ఐరన్ ఎక్కువున్న తిండి పెడితే బొచ్చు తిరిగి వచ్చింది. మనుషుల విషయానికొస్తే, రక్తహీనత లేకపోయినా ఐరన్ లోటుతో ఆడవాళ్ళకు జుట్టు ఊడవచ్చని స్వీడన్‌లో 1963లోనే రాశారు. ఆ తర్వాత ఫెరిటిన్ 70 దాటేదాకా ఐరన్ ఇవ్వాలన్న వాదన బలపడింది. కానీ 2010లో అమెరికాలో జుట్టు ఊడే ఆడవాళ్ళనూ ఊడనివాళ్ళనూ పోల్చి చూస్తే ఐరన్ లోటు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా కనిపించింది.

నా పద్ధతి ఇది. 15 కంటే తక్కువుంటే వాదన అవసరం లేదు. జుట్టు కోసం కాకపోయినా మనిషి కోసం ఐరన్ ఇవ్వాలి, ఎందుకు తగ్గిందో వెతకాలి. 15 నుంచి 30 మధ్య కూడా ఇస్తాను. 30 నుంచి 70 మధ్య ఉంటే ఇచ్చి చూద్దాం అంటానే తప్ప జుట్టు వస్తుందని మాట ఇవ్వను. 70 దాటినవాళ్ళకు జుట్టు పేరుతో ఐరన్ రాయను, ఒంట్లో ఎక్కువైన ఐరన్ కాలేయానికీ గుండెకూ చేటు. మగవాళ్ళలో ఫెరిటిన్ తక్కువ కనిపిస్తే జుట్టు సంగతి తర్వాత, ముందు కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూపించుకోమంటాను.

మందు విషయానికొస్తే, 100 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న ఫెరస్ ఆస్కార్బేట్ బిళ్ళ రాశాను, రోజు విడిచి రోజు. ఆమె అనుమానంగా చూసింది. రోజూ వేసుకుంటే త్వరగా ఎక్కదా? ఒక మోతాదు ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదులుతుంది. అది సుమారు ఒక రోజు పాటు పేగుల్లో ఐరన్‌కి తలుపు వేసేస్తుంది. మర్నాడే ఇంకో బిళ్ళ వేస్తే అందులో చాలా భాగం లోపలికి పోకుండా కడుపునొప్పికీ మలబద్ధకానికీ కారణమవుతుంది. స్విట్జర్లాండ్‌లో ఐరన్ తక్కువున్న ఆడవాళ్ళకు రోజు విడిచి రోజు ఇచ్చి చూస్తే ఎక్కువ పట్టిందని 2017లో వచ్చిన పరిశోధన చెప్పింది. పొద్దున టిఫిన్‌కు గంట ముందు, నిమ్మరసం కలిపిన నీళ్ళతో. బిళ్ళకు అటూ ఇటూ రెండు గంటలు టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ళలు వద్దు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాను. ఇది చెప్పకపోతే సగంమంది మూడో రోజే మానేస్తారు. నులిపురుగుల మందు ఒకసారి ఇచ్చాం. వారానికే వికారంగా ఉందని ఫోన్ చేసింది. బిళ్ళను మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు మార్చాం. కాస్త తక్కువ పట్టినా సరే, మానేయడం కంటే నయం. నరం ద్వారా ఐరన్ ఎక్కించడం గురించి ఆలోచించాం కానీ హిమోగ్లోబిన్ 11 దాటి ఉండి, బిళ్ళ తట్టుకుంటోంది కాబట్టి అవసరం పడలేదు.

అదే వారం గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. స్కాన్‌లో అడినోమయోసిస్ అని తేలింది, అంటే గర్భసంచి లోపలి పొర దాని కండలోకి చొచ్చుకుపోయి గర్భసంచి ఉబ్బింది. మరుసటి రోజు అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. "తీయించేస్తే పీడ పోద్ది కదా డాక్టరమ్మా, మా వీధిలో నలుగురు తీయించుకున్నరు" అంది అత్తగారు. ఆమెను తప్పుపట్టలేను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గర్భసంచి తీయించుకోవడం దేశంలో మిగతా చోట్ల కంటే చాలా ఎక్కువ. ముప్పైల్లోనే తీయించుకుని, ఆ తర్వాత ఎముకలు, ఒళ్ళు అన్నీ పాడుచేసుకున్నవాళ్ళను నేను వారానికి ఒకరినైనా చూస్తుంటాను. "ముందు మందు వాడి చూద్దాం అత్తమ్మా, అవసరమైతే అది ఎప్పుడైనా చేయొచ్చు" అన్నాను. గైనకాలజిస్టు నెలసరి రోజుల్లో వేసుకోవడానికి, రక్తం పోవడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం బిళ్ళలు ఇచ్చారు.

బలపాలు తినాలన్న కోరిక రెండు వారాల్లోనే పోయింది. హిమోగ్లోబిన్ ఇంకా పెరగకముందే ఇది పోతుంది, ప్రతిసారీ ఇది చూసి నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఏడు వారాలకు హిమోగ్లోబిన్ 12.3. మెట్లెక్కితే ఆయాసం లేదు, రాత్రుళ్ళు కాళ్ళు లాగడం లేదు. జుట్టు మాత్రం ఊడుతూనే ఉంది. ఊడుతుందని ముందే చెప్పాను. ఇప్పటికే విశ్రాంతిలోకి పోయిన వెంట్రుకలు ఏం చేసినా రాలాల్సిందే.

నాలుగు నెలలకు, సెప్టెంబరులో, లాగి చూస్తే నాలుగే ఊడాయి. ఫెరిటిన్ 19. ఒక్క బిళ్ళా మానకుండా వేసుకుని నాలుగు నెలల్లో పెరిగింది 12. ప్యాడ్లు ఎనిమిది నుంచి ఐదుకు తగ్గాయంతే. గైనకాలజిస్టుతో మాట్లాడాను. అక్టోబరులో గర్భసంచిలో హార్మోను వదిలే పరికరం అమర్చారు. ఆ హార్మోను వల్ల కొందరికి జుట్టు ఊడవచ్చని కంపెనీ కాగితంలోనే ఉంటుంది. ఆ సంగతి దాచకుండా చెప్పాను, నిర్ణయం ఆమెదే అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని సరే అంది. మొదటి రెండు నెలలు అప్పుడప్పుడు కాస్త మరక కనిపించింది. తర్వాత నెలసరి రెండు రోజులకు, రోజుకు ఒక ప్యాడ్‌కు వచ్చింది.

జనవరిలో ఫెరిటిన్ 38, హిమోగ్లోబిన్ 13. లాగితే రెండు వెంట్రుకలు. నుదుటి అంచునా పాపిడి వెంటా మూడు నాలుగు సెంటీమీటర్ల కొత్త జుట్టు నిలబడి ఉంది. నూనె రాసినా అణగడం లేదని ఫిర్యాదు చేసింది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి అవి సెప్టెంబరు, అక్టోబరుల్లో మొలిచినవి.

అన్నీ తిరిగి రాలేదు. నడినెత్తిన డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తే లావు వెంట్రుకల మధ్య బాగా సన్నబడినవి ఐదింట ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. అది ఐరన్ లోటు కాదు, ఆడవాళ్ళలో వంశపారంపర్యంగా వచ్చే పలచబడటం. ఆమె తల్లికీ ఉంది. ఐరన్ లోటు మూలంగా అది ముందే బయటపడి ఉండవచ్చు. దానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ 5 శాతం మొదలుపెట్టాం. మొదటి నెలా రెండు నెలలు కాస్త ఎక్కువ ఊడవచ్చని, భయపడి ఆపొద్దని చెప్పాను. ఆపలేదు.

ఈ ఒక్క కేసుతో ఐరన్ వల్లే జుట్టు వచ్చిందని నేను అనలేను. డెంగీ దెబ్బ దానంతట అదే కొంత తగ్గి ఉంటుంది, మినాక్సిడిల్ కూడా తర్వాత తోడైంది. కానీ నెలల తరబడి తగ్గని ఊడటం నిల్వ నిండుతున్న కొద్దీ తగ్గింది, తగ్గింది కూడా కుదురు లెక్క ప్రకారమే, మూడు నాలుగు నెలల ఆలస్యంతో.

ఏప్రిల్‌లో ఫెరిటిన్ 56 రాగానే బిళ్ళలు ఆపించాను. ఇలా ఆపడానికి ఆమె భయపడింది, మళ్ళీ ఊడుతుందేమోనని. బిళ్ళ వేసుకుంటూ ఉండగా వచ్చే అంకె కంటే ఆపాక వచ్చే అంకే నాకు ముఖ్యమని చెప్పి, మూడు నెలల తర్వాత రమ్మన్నాను. జూలైలో వచ్చింది. జ్వరం, జలుబు ఏమీ లేవని అడిగి తెలుసుకుని, సీఆర్‌పీతో కలిపి చేయించాను. ఫెరిటిన్ 54.